కొత్త మార్కర్‌కు నూనె పెట్టే ముందు

అల్లుడూ,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. రంగు బంతులు పేల్చే పెయింట్‌బాల్ తుపాకీ, అదే మార్కర్, టిప్‌మన్ 98 కస్టమ్ కొన్నావు, సంతోషం. ఎవరో వాడినదైనా ఫరవాలేదు, ఆ మోడల్ మొండి ఘటం. కానీ మార్కర్ పక్కనే బల్ల మీద డబ్ల్యూడీ-40 స్ప్రే డబ్బా కూడా కనిపించింది. ఈ లేఖ రాయడానికి కారణం అదే. దాన్ని తలుపు బందులకు వాడుకో, మార్కర్ దగ్గరికి మాత్రం రానివ్వకు.

మార్కర్‌లో గ్యాసును పట్టి ఉంచేవి ఓ-రింగులు, అంటే రబ్బరు లాంటి గుండ్రటి వలయాలు. పెట్రోలియం ద్రావకాలున్న స్ప్రేలు కొన్ని రకాల రింగులను ఉబ్బించి మెత్తబరుస్తాయి. కొట్టిన రోజు బోల్టు, అంటే లోపల ముందుకూ వెనక్కూ కదిలే కడ్డీ, హాయిగా జారుతుంది, చేతికి సుఖంగా ఉంటుంది. ఆ తరువాత ఎక్కడో సన్నగా బుస్సుమని గ్యాసు పోవడం మొదలవుతుంది. దుకాణంలో ఉత్త గన్ ఆయిల్ అని అడిగితే అసలు తుపాకుల నూనె చేతిలో పెడతారు, అదీ వద్దు. పెయింట్‌బాల్ మార్కర్ల కోసమని సీసా మీద రాసి ఉన్నదే తీసుకో. చిన్న సీసా కొంటే చాలు, అది తొందరగా అయిపోయేది కాదు.

నూనె సంగతి తరువాత. ముందు గ్యాసు దింపాలి, ఇందులో తొందర పనికిరాదు. కళ్లకు మాస్కు ఉంచుకో. పైన బంతులు పోసే డబ్బా, అదే హాపర్, తీసెయ్యి, లోపల బంతి మిగిలిందేమో చూడు. ఎవరూ లేని వైపు గురిపెట్టి ట్యాంకును మెల్లగా తిప్పు. ఒక చుట్టు లోపే ట్యాంకు వాల్వు మూసుకుంటుంది. అప్పుడు లోపల మిగిలిన గ్యాసు పోయేదాకా మార్కర్‌ను ఖాళీగా పేల్చి, ట్యాంకును పూర్తిగా విప్పు.

విప్పేటప్పుడు ఒకటి కళ్లారా చూడాలి. ట్యాంకు సీసాతో పాటు దాని మెడకు బిగించిన ఇత్తడి వాల్వు కూడా తిరగాలి. వాల్వు మార్కర్‌లోనే ఇరుక్కుపోయి సీసా ఒక్కటే తిరుగుతోందంటే, నువ్వు విప్పుతున్నది ట్యాంకును కాదు, దాని మూతిని. అలా ఊడిన సీసా రాకెట్‌లా ఎగిరి ప్రాణాలు తీసిన ఘటనలు అమెరికాలోనే జరిగాయి. అందుకే వాల్వు మీదుగా సీసా మీదికి గోళ్ల రంగుతో ఒక గీత గీసుకో. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే అక్కడే చెయ్యి ఆపి, ట్యాంకుల పని తెలిసిన దుకాణానికి కబురు చెయ్యి. ఇంకొక మాట, ట్యాంకు లోపలికి గాని, గాలి నింపే మొన మీద గాని నూనె చుక్క పడకూడదు. 4500 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి దూసుకొచ్చే చోట నూనె ఉంటే అది మండే ప్రమాదం ఉంది.

ఇక శుభ్రం చేయడం. 1981 జూన్‌లో న్యూ హ్యాంప్‌షైర్‌లోని హెన్నికర్ అడవిలో మొదటిసారి ఈ ఆట ఆడినవాళ్లు చెట్లకూ పశువులకూ గుర్తు వేసే పిస్తోళ్లతో ఆడారు. ఆ రోజుల్లో బంతుల్లో ఉన్నది నూనె రంగు, కడగడానికి టర్పెంటైన్ కావలసి వచ్చేది. ఇప్పటి బంతి పైపొర జెలటిన్, లోపలిది నీళ్లలో కరిగే పదార్థం. కాబట్టి గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ఆడి వచ్చిన సాయంత్రమే చెయ్యి. తెల్లారేదాకా వదిలేస్తే పగిలిన బంతి బెల్లం పాకంలా గట్టిపడి బోల్టును పట్టేస్తుంది.

బ్యారెల్‌ను, అంటే ముందున్న గొట్టాన్ని, మర విప్పి విడిగా కడుగు, పొడిగుడ్డను ఈ చివర నుంచి ఆ చివరకు లాగు. వెలుతురుకేసి పెట్టి చూస్తే లోపలి గోడ మీద ఒక్క చారిక కూడా ఉండకూడదు. ఇలా చూడటం విప్పిన బ్యారెల్‌తోనే సుమా, మార్కర్‌కు బిగించి ఉన్నదాని మూతిలోకి ఎన్నడూ తొంగిచూడకు. అందులో నూనె అసలే వద్దు. నూనె తగిలిన బ్యారెల్ నుంచి వచ్చిన బంతి ఎటు పోతుందో దానికే తెలియదు. మార్కర్ శరీరాన్ని మాత్రం కుళాయి కింద పెట్టకు, తడిగుడ్డతో తుడువు. బంతి లోపలికి దిగే చోట దాన్ని ఆపే చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. దాని సందులో జెలటిన్ పెచ్చు ఇరుక్కుంటే రెండు బంతులు ఒకేసారి దిగి పగులుతాయి. దూది చుట్టిన పుల్లతో ఆ సందు శుభ్రం చెయ్యి.

నూనె పెట్టడం నిమిషం పని. మార్కర్‌ను నిలబెట్టి, ట్యాంకు బిగించే రంధ్రంలో నాలుగైదు చుక్కలు వెయ్యి. ట్యాంకు బిగించి, బంతులు లేకుండా కొన్నిసార్లు పేల్చు. గ్యాసే ఆ నూనెను వాల్వు దాకా, వెనక బోల్టు దాకా మోసుకుపోతుంది. మూతి నుంచి సన్నటి తుంపర వస్తుంది, కంగారుపడకు. ఆ తరువాత బ్యారెల్‌ను మళ్లీ ఒకసారి తుడిచెయ్యి.

ప్రతిసారీ మొత్తం విప్పే ఉత్సాహం వద్దు. శరీరం రెండు చిప్పలుగా విడిపోతుంది. లోపలి చిన్న స్ప్రింగు ఒక్కటి మంచం కిందికి ఎగిరిందంటే ఆ ఆదివారం నీది కాదు. బంతి లోపల పగిలినప్పుడో, మార్కర్ మొరాయించినప్పుడో విప్పు. అప్పుడైనా పక్కకు పడుకోబెట్టి, పై చిప్పను నిటారుగా ఎత్తి, ఏదీ కదపకముందే ఫోనుతో ఫోటో తీసుకో. వెనక బోల్టు చుట్టూ ఉన్న ఓ-రింగును గోటితో తడిమి చూడు. గుండ్రంగా, నున్నగా ఉంటే ఒక చుక్క నూనె రాసి వదిలెయ్యి. పగుళ్లో, చదునైన చోటో తగిలితే మార్చెయ్యి, దాని ఖరీదు ఏపాటి! ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే టపటపా పేలుతూ పోవడం, తిరిగి కాక్ కాకపోవడం, అంటే మళ్లీ పేలడానికి బోల్టు వెనక్కి వెళ్లి పట్టుకోకపోవడం, చాలాసార్లు ఈ రింగు అరిగినందువల్లే. అయితే ట్యాంకులో గ్యాసు తగ్గినా ఇవే లక్షణాలు. ముందు ట్యాంకు నింపించి చూడు, ఆ తరువాతే మరలు విప్పు.

రేపు డబ్బు చేతిలో ఆడి ఎలక్ట్రానిక్ మార్కర్ కొన్నావనుకో, ఈ చుక్కల పద్ధతి దానికి చెల్లదు. స్పూల్ వాల్వు మార్కర్లకు గ్రీజు కావాలి, అదీ రింగు మీద కనిపించీ కనిపించనంత పలచగా. నూనె పోస్తే ఉన్న గ్రీజు కొట్టుకుపోతుంది.

దాచేటప్పుడు కాక్ చేసి ఉంచకు, ట్యాంకు విడిగా పెట్టు, బ్యారెల్‌కు తొడుగు వెయ్యి. మిగిలిన బంతులను టెక్సాస్ ఎండలో కారు డిక్కీలో వదిలేయకు, మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నూనె కొనే ముందు సీసా వెనక వైపు ఫోటో పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య