డాక్టర్ సలహా: షుగర్ ఉన్నవాళ్లు బాగా మగ్గిన పండు తినొచ్చా?

ప్రశ్న: నా వయసు 56. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. ఉదయం, రాత్రి మెట్‌ఫార్మిన్ 500 వేసుకుంటున్నాను. పోయిన నెల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) 7.1 వచ్చింది. నాకు చిన్నప్పటి నుంచీ పండ్లంటే ప్రాణం. అదీ చేత్తో నొక్కితే మెత్తగా తగిలేలా, వాసన గుప్పుమనేలా మగ్గినవి కావాలి. ఇంట్లోవాళ్లేమో దోరవి తప్ప ముట్టుకోవద్దంటారు. జామకాయ, యాపిల్ మాత్రమే ఇస్తారు. వాళ్లు లేనప్పుడు రెండు మామిడి పండ్లు గబగబా తినేస్తాను. తర్వాత రోజంతా టెన్షన్. దోర పండులో షుగర్ తక్కువన్నది నిజమేనా? రాత్రి భోజనం అయ్యాక పండు తింటే కడుపులో పులిసిపోతుందని కూడా అంటున్నారు. నేనేం చేయాలో చెప్పండి. - ఒక పాఠకురాలు

జవాబు: మామిడి పండు మీరు తినొచ్చమ్మా. బాగా మగ్గినదే తినండి. దాక్కుని తినడం మాత్రం మానేయండి.

ముందు ఆ 7.1 సంగతి చూద్దాం. మీ వయసులో చాలామందికి మేం పెట్టుకునే లక్ష్యం 7 లోపు. మీరు దానికి దగ్గర్లోనే ఉన్నారు. పండ్లన్నీ మానేయాల్సినంత పరిస్థితి ఇది కాదు. అసలు చిక్కు రెండు పండ్లు ఒకేసారి తినడంలో ఉంది. ఒక మాదిరి సైజు మామిడి పండులో టెంక, తొక్క తీసేస్తే సుమారు 200 గ్రాముల గుజ్జు ఉంటుంది. ప్రతి 100 గ్రాముల గుజ్జులో దాదాపు 15 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం చక్కెరలే. అంటే రెండు పండ్లతో 60 గ్రాములు ఒక్కసారిగా లోపలికి వెళ్తున్నాయి. అవి దోరవైనా మగ్గినవైనా మీ షుగర్ పెరిగేది. ఎవరైనా వచ్చేస్తారేమోనన్న తొందరలో తింటే రుచి తెలియదు, ఎంత తిన్నామో కూడా తెలియదు. ఇంట్లోవాళ్ల నిషేధం వల్ల మీరు తక్కువ తింటున్నారని నేను అనుకోవడం లేదు.

ఇక మగ్గడం అంటే ఏమిటో కాస్త వివరంగా చెబుతాను. మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం వంటివి కోసిన తర్వాత కూడా పండుతాయి. కాయ ముదిరాక తనంతట తానే ఇథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది. దాంతో లోపల ఎంజైములు మేలుకుంటాయి. మామిడి, అరటి లాంటి కాయల్లో దాచుకున్న పిండి చక్కెరగా మారుతుంది. కణాలను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ కరిగి గుజ్జు మెత్తబడుతుంది. పులుపునిచ్చే ఆమ్లాలు తగ్గుతాయి. నాలుకను పట్టేసే వగరు కూడా పోతుంది, ఎందుకంటే దానికి కారణమైన టానిన్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి నాలుకకు అందకుండా పోతాయి. ఆకుపచ్చ రంగు విరిగిపోతే అడుగున ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. మామిడిలో అయితే మగ్గేకొద్దీ బీటా కెరోటిన్ పెరుగుతుంది కూడా. శరీరం దాన్నుంచే విటమిన్ ఎ తయారు చేసుకుంటుంది. వీటన్నిటితో పాటు పుట్టేది వాసన. మనం పండు రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం వాసనే. నములుతున్నప్పుడు అది గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. జలుబు చేసినప్పుడు ఎంత మంచి పండైనా చప్పగా అనిపించేది అందుకే. మగ్గిన పండు కావాలని మీకు అనిపిస్తోందంటే అందులో తప్పేమీ లేదు. కాయ అంత రంగు, అంత వాసన తెచ్చుకునేదే ఎవరైనా వచ్చి తిని, గింజను దూరంగా పడేయాలని.

ఇప్పుడు దోర సంగతి. మగ్గినప్పుడు చక్కెర పెరిగే మాట నిజమే. కానీ అది కొత్తగా ఎక్కడి నుంచో రాలేదు, అదే కాయలోని పిండి నుంచి వచ్చింది. మీరు దోర పండు తిన్నా ఆ పిండిలో చాలా భాగం మీ పేగుల్లో గ్లూకోజుగానే మారుతుంది. కాకపోతే కాస్త నెమ్మదిగా. ఈ తేడా బాగా కనిపించేది అరటిలో. పచ్చిగా ఉన్న అరటిలో మన ఎంజైములకు లొంగని పిండి గణనీయంగా ఉంటుంది, అది పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. అందుకే తొక్క మీద ఇంకా పచ్చదనం ఉన్న అరటిపండు షుగర్‌ను కొంచెం నిదానంగా పెంచుతుంది, నల్ల మచ్చలు నిండిన పండు తొందరగా పెంచుతుంది. మీకు దోర అరటి నచ్చితే తినండి. నచ్చకపోతే బాగా పండిన చిన్న అరటిపండు ఒకటి తిని ఆపేయండి. రెండు దోర పండ్ల కంటే అదే మేలు.

ద్రాక్ష, దానిమ్మ, కమలా, అనాస పండ్ల దారి వేరు. కోసిన తర్వాత ఇవి తియ్యబడవు. మార్చుకోవడానికి వాటిలో పిండి నిల్వ పెద్దగా ఉండదు. పుల్లటి ద్రాక్షను వారం ఉంచినా ముడతలు పడుతుంది తప్ప తీపెక్కదు. కాబట్టి వీటి విషయంలో దోరవి తినమనడంలో అర్థమే లేదు. పండినవి చూసి కొనుక్కోవాలి, అంతే.

గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే ఏ ఆహారం రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో అంకెల్లో చెప్పే పట్టికలు మీ ఇంట్లోవాళ్లు ఫోన్‌లో చూసే ఉంటారు. 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ఈ లెక్కను ముందుకు తెచ్చింది. మంచి లెక్కే, కానీ సగమే చదివితే తికమక పెడుతుంది. పుచ్చకాయ చూడండి. కొన్ని పట్టికల్లో దాని అంకె 70 దాటి ఉంటుంది, దాంతో అది విషమన్నట్టు భయపడతారు. కానీ 100 గ్రాముల పుచ్చకాయలో పిండిపదార్థాలు 8 గ్రాములకు మించవు, మిగిలిందంతా దాదాపు నీళ్లే. రెండు ముక్కలు తింటే ఏమీ కాదు. ఖర్జూరం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అది ఎండిన పండు, 100 గ్రాములకు దాదాపు 75 గ్రాముల పిండిపదార్థాలు. అంకె ఎంతున్నా చిన్నవి రెండు తినేసరికి మీ వాటా అయిపోతుంది.

వాటా అన్నాను కదా. షుగర్ ఉన్నవాళ్లకు ఒక విడత పండు అంటే సుమారు 15 గ్రాముల పిండిపదార్థాలు అని మేం లెక్క వేస్తాం. మామిడి అయితే 100 గ్రాములు, అంటే మాదిరి పండులో సగం. సపోటా చిన్నది ఒకటి. సీతాఫలం సగం. జామ మాదిరిది ఒకటి. ద్రాక్ష అయితే పదిహేను గింజల దాకా. బొప్పాయి, పుచ్చకాయ అయితే ఒక కప్పు ముక్కలు ధైర్యంగా తినొచ్చు. రోజుకు ఇలా రెండు విడతలు మీకు సరిపోతాయి, రెండింటి మధ్య కొన్ని గంటల ఎడం ఉంచండి. వంటింటి తూకం ఉంటే మొదటి వారం తూచి చూడండి, తర్వాత కళ్లకే అలవాటవుతుంది.

ఆ ఒక్క విడతలో మీకు బాగా ఇష్టమైన పండే ఉండాలని నా సలహా. ఇష్టం లేని యాపిల్ పథ్యంలా నమిలి, మనసు మామిడి మీద పెట్టుకుంటే సాయంత్రానికి రెండూ తింటారు. అలా తినేవాళ్లను చాలామందిని చూస్తుంటాను. కూర్చుని, ప్లేటులో పెట్టుకుని, నిదానంగా తినండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కాకుండా కాసేపు బయట ఉంచి తినండి. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది, వాసన కూడా సరిగా రాదు.

జ్యూస్ మాత్రం వద్దు. చక్కెర కలపకుండా ఇంట్లో తీసుకున్నదైనా సరే. పండును నమిలి తింటే చక్కెర కణాల గోడల మధ్య, పీచు మధ్య ఇరుక్కుని ఉంటుంది, మెల్లగా బయటికి వస్తుంది. జ్యూస్ చేస్తే ఆ అడ్డు తీసేసినట్టే. ఒక గ్లాసుకు మూడు నాలుగు కమలాలు పడతాయి. అన్ని పండ్లు వలుచుకుని తినాలంటే ఎంతసేపు పడుతుంది? గ్లాసు మాత్రం నిమిషంలో ఖాళీ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల్లో పండ్లరసాల్లోని చక్కెరను చేర్చింది, పండులో ఉన్నదాన్ని చేర్చలేదు. 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పెద్ద అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. పండ్లు, ముఖ్యంగా బ్లూబెర్రీ, ద్రాక్ష, యాపిల్ తినేవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు తక్కువగా, జ్యూస్ ఎక్కువ తాగేవాళ్లలో ఎక్కువగా ఉంది. చైనాలో దాదాపు 5 లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే షుగర్ ఉండి తాజా పండ్లు తరచుగా తిన్నవాళ్లకు కళ్లు, కిడ్నీల వంటి చిక్కులు తక్కువగా వచ్చాయి. ఇలాంటి అధ్యయనాలు పండే కారణమని తేల్చి చెప్పలేవు. పండ్లు తినేవాళ్లకు మిగతా అలవాట్లూ బాగుండొచ్చు. అయినా షుగర్ ఉంటే పండు ముట్టకూడదన్న మాటకు మాత్రం వాటిలో బలం దొరకదు.

రాత్రి పులిసిపోతుందన్న భయం అక్కర్లేదు. పులియాలంటే సూక్ష్మజీవులు తీరిగ్గా పనిచేయాలి, జీర్ణాశయంలోని ఘాటైన ఆమ్లం వాటికి ఆ అవకాశం ఇవ్వదు. కొందరికి యాపిల్, మామిడి, పియర్ తింటే కడుపు ఉబ్బుతుంది. ఆ పండ్లలో ఎక్కువగా ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర, కొన్నింటిలో ఉండే సార్బిటాల్ అనే తియ్యటి పదార్థం పూర్తిగా అరగక పెద్దపేగుకు చేరడం దానికి కారణం. అది పగలు తిన్నా వస్తుంది. మీ విషయంలో రాత్రి పండుతో ఉన్న ఇబ్బంది వేరు. కడుపు నిండా భోజనం చేసి, దాని మీద పండు తింటే రెండింటి షుగర్ కలుస్తుంది. సాయంత్రం నాలుగైదు గంటలకు పండు తినండి, గుప్పెడు పల్లీలో బాదమో జతచేస్తే ఇంకా నయం. భోజనంతోనే కావాలనుకుంటే అన్నమో రొట్టెలో ఆ మేరకు తగ్గించుకోండి.

కొనేటప్పుడు రంగును నమ్మకండి, తొడిమ దగ్గర వాసన చూడండి. పైకంతా ఒకే పసుపు, లోపల గట్టిగా, వాసనే లేకుండా ఉంటే కార్బైడ్‌తో మగ్గబెట్టారేమో అనుమానించాలి. దాన్నుంచి వచ్చే అసిటిలీన్ వాయువు తొక్కకు రంగు తెస్తుంది గానీ కాయ ముదరకపోతే లోపల రుచి రాదు. పైగా అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉండొచ్చు. ఏ పండైనా ధారగా పడే నీళ్ల కింద కడిగి తినండి. కోసిన ముక్కలను రెండు గంటలకు మించి బయట ఉంచకండి. అరటి తొక్క మీద మచ్చలుంటే పరవాలేదు గానీ బూజు పట్టినా, సారా వాసన వస్తున్నా పడేయండి.

ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి నా మాట కంటే మీ గ్లూకోమీటర్ బాగా పనికొస్తుంది. ఒక సాయంత్రం పండు తినే ముందు చూడండి. సగం మామిడి పండు తినండి. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి రెండు గంటలకు మళ్లీ చూడండి. 180 లోపు ఉండి, ముందటి అంకె కంటే 40, 50కి మించి పెరగకపోతే ఆ పండు, ఆ వాటా మీకు సరిపడినట్టే. అంతకు మించితే పండు మార్చకుండా వాటా సగానికి తగ్గించి ఇంకో రోజు చూడండి. ఇలా మీకు నచ్చిన నాలుగైదు పండ్లతో చేస్తే మీ సొంత పట్టిక తయారవుతుంది. ఫోన్‌లో దొరికే పట్టికల కంటే మీకు అదే ఎక్కువ ఉపయోగం. జ్వరమో, ఇన్‌ఫెక్షనో ఉండి పరగడుపు షుగర్ 200 దాటుతున్న రోజుల్లో మాత్రం ఈ ప్రయోగాలు పెట్టుకోకండి, ముందు డాక్టరును కలవండి.

మీరు రాయనివి రెండున్నాయి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మాత్ర వాడుతుంటే గ్రేప్‌ఫ్రూట్ (కమలా జాతికి చెందిన పెద్ద పండు) తినే ముందు డాక్టరును అడగండి, కొన్ని స్టాటిన్లు దానివల్ల రక్తంలో ఎక్కువగా పేరుకుంటాయి. ఇది మామూలు ద్రాక్ష గురించి కాదు. రెండోది కిడ్నీల సంగతి. ఏడాదిగా క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకోకపోతే ఈ వారమే చేయించండి. కిడ్నీల పనితీరు బాగా తగ్గి రక్తంలో పొటాషియం పెరుగుతుంటే అరటి, కమలా లాంటివి తగ్గించాల్సి వస్తుంది. అప్పుడు నేను పైన చెప్పిన వాటాలు మీకు వర్తించవు, మీ డాక్టరు వేరే లెక్క ఇస్తారు.