కొత్త బ్యాటరీ, గుడ్డి లైట్లు

ప్రశ్న: తాడిపత్రి దగ్గరి మా పల్లె నుంచి చీనీకాయలను అనంతపురం మార్కెట్టుకు తీసుకెళ్లడానికి ఇరవయ్యేళ్లు దాటిన డీజిల్ వ్యాను వాడుతున్నాము. తెల్లవారుజామున హెడ్‌లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి. లైట్లు వేయగానే ఇంజను వేడిని చూపే ముల్లు పైకి లేస్తుంది, ఆర్పగానే దిగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టక్కుమని ఆగిపోతుంది. కొత్త బ్యాటరీ వేయించాము, డైనమో బాగు చేయించాము. ఇప్పుడు సెల్ఫ్ మోటారు మార్చాలంటున్నారు. మార్చమంటారా?
— ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఇప్పుడే మార్చకండి. లైట్లు వేస్తే ఇంజను ఒక్క క్షణంలో వేడెక్కదు కాబట్టి, ఆ ముల్లు చూపుతున్నది వేడిని కాదు, ఎర్త్ లోపాన్ని, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారిలోని లోపాన్ని. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. దానికీ ఛాసిస్‌కూ (బండి ఇనుప చట్రానికీ) మధ్య కరెంటు తిరిగి వచ్చే దారి ఒక్క అల్లిక ఎర్త్ పట్టీయే. అది తుప్పు పట్టినా, పోగులు తెగినా, మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకేసారి కనిపిస్తాయి.

సెల్ఫ్ మోటారు 150 నుంచి 200 ఆంపియర్లు, కొన్ని డీజిల్ ఇంజన్లలో అంతకంటే ఎక్కువే లాగుతుంది. దారిలో ఓమ్‌లో నూరోవంతు నిరోధం ఉన్నా రెండు వోల్టుల దాకా అక్కడే పోతాయి. అంత చిన్న నిరోధం మామూలు మల్టీమీటరులో ఓమ్‌లు కొలిస్తే దొరకదు. పట్టీలో నాలుగు పోగులే మిగిలినా మీటరు బాగుందనే చెబుతుంది. అందుకే లోడు మీద, అంటే కరెంటు పారుతుండగా, వోల్టేజీ కొలవాలి. మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఒక పిన్నును బ్యాటరీ మైనస్ స్తంభానికి, రెండోదాన్ని ఇంజను మీద రంగు లేని లోహానికి ఆనించి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే లోపం ఆ దారిలోనే ఉంది. మీటరు లేకపోతే జంపర్ కేబులుతో బ్యాటరీ మైనస్‌ను నేరుగా ఇంజనుకు కలిపి సెల్ఫ్ కొట్టండి. ఇంజను చురుగ్గా తిరిగితే నిర్ధారణ అయినట్టే. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా బ్యాటరీ అమ్మినవారిని నేను సమర్థించలేను.

పట్టీ తెగినప్పుడు సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబులు గుండా దారి వెతుక్కుంటుంది; సెల్ఫ్ కొట్టాక ఆ కేబులు వేడెక్కితే బండిని అలాగే తిప్పవద్దు, నిప్పు అంటుకోవచ్చు.

బాగు చేసేటప్పుడు ముందుగా బ్యాటరీ మైనస్ విప్పాలి, చివరగా దాన్నే బిగించాలి. కొత్త పట్టీ కూర్చునే చోట రంగూ తుప్పూ పోయి లోహం తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. బ్యాటరీ మైనస్ వైరు ఛాసిస్‌కు తగిలే బోల్టునూ, హెడ్‌లైట్ల ఎర్త్ బోల్టులనూ అలాగే శుభ్రం చేయించండి.

తర్వాత ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. లైట్లు వేసి బల్బు హోల్డరు వద్ద కూడా కొలవండి. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. తేడా అంత ఉంటే 100 వాట్ల బల్బులు వేయించకండి, ఆ భారానికి పాత స్విచ్చు కాలిపోతుంది. 60/55 వాట్ల బల్బులే ఉంచి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడి వైరు లాగి రిలే (పాత స్విచ్చు మీద భారం పడకుండా లైట్ల కరెంటును తానే కలిపే స్విచ్చు) పెట్టించండి.