జీడితొక్క నూనెలోని పదార్థం మందుగా పనికొస్తుందా?

పలాస జీడితొక్క నూనెలో ఉండే అనకార్డిక్ ఆమ్లం బ్యాక్టీరియాను, క్యాన్సర్ కణాలను చంపుతుందని చదివానని, మరి ఇంకా మందు ఎందుకు కాలేదని అడిగారు.

చంపే మాట నిజమే, కాని ల్యాబ్ ప్లేటులో. అక్కడ బ్లీచింగ్ పౌడరూ చంపుతుంది! ఎంత మోతాదుకు చంపుతోంది, అదే మోతాదుకు మన మామూలు కణాలు బతుకుతున్నాయా అన్నది ముందు తేలాలి. రెంటి మధ్య ఎడం లేకపోతే పక్కన పెట్టేయడమే. పిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు నూనె ఎందుకు రాసుకుంటారో పలాసలో ఎవరినడిగినా చెబుతారు: జీడి సొన తగిలితే చర్మం పొక్కిపోతుంది.

తర్వాత అణువు సంగతి. ఆస్పిరిన్‌కు మూలమైన శాలిసిలిక్ ఆమ్లానికి 15 కార్బన్ల తోక తగిలిస్తే ఇది. అణుభారం సుమారు 345, అంటే మింగే మందుల అణువులకు 1997లో లిపిన్‌స్కీ అనే శాస్త్రవేత్త చెప్పిన 500 హద్దు లోపలే. కాని ఆ తోక వల్ల నీటిలో సరిగా కరగదు, కొవ్వును పట్టుకుంటుంది. మింగితే రక్తంలోకి చేరడం కష్టం. పైగా డిటర్జెంట్ గుణం ఉంది కనుక కణం పొరను చెదరగొట్టి, ఏదో ఎంజైమును ఆపినట్టు భ్రమ పుట్టించగలదు. (లిపిన్‌స్కీ హద్దులు శిలాశాసనమేమీ కావు. క్యాన్సర్‌కు వాడే టాక్సాల్ అణుభారం 850 దాటినా ఇంజెక్షన్‌గా మందైంది.)

ఇంకో తిరకాసు: పిక్కలు వేయించే వేడికి ఈ ఆమ్లం చాలావరకు కార్డనాల్ అనే వేరే పదార్థంగా మారిపోతుంది. ఫ్యాక్టరీ నూనె తెచ్చి పరీక్షిస్తే దేన్ని పరీక్షించినట్టు? శుద్ధి చేసిన అణువుతోనే మొదలుపెట్టాలి. కెమిస్టులు ఆ తోకను కత్తిరించి, మార్చి కూడా చూస్తున్నారు. ఈలోగా తామరకని ఆ నూనె ఒంటికి పూయకండి.