బడ్జెట్‌లో కోట్లు చూసి బ్రాంచి ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్ ర్యాంకుకు తిరుపతిలో ఈసీఈ సీటు వచ్చేలా ఉంది. ఈలోగా చెన్నై వైపు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వాళ్లు క్వాంటం కంప్యూటింగ్ ప్రత్యేకాంశంగా సీఎస్‌ఈ సీటు ఇస్తామంటున్నారు. ఏడాదికి నాలుగు లక్షలు. కేంద్రం క్వాంటానికి ఆరు వేల కోట్లు, ఏఐకి పది వేల కోట్లు పెడుతోందని, అమరావతిలో క్వాంటం వ్యాలీ వస్తోందని పేపర్లో చదివాను. నాలుగేళ్లలో ఆ ఉద్యోగాలు వచ్చేస్తాయి కదా? బంగారుపాళెం దగ్గరున్న మామిడి తోట అమ్మి అయినా చేర్పిద్దామనుకుంటున్నాను. అమ్మాయేమో పరిశోధన అంటోంది. ఆడపిల్ల, పీహెచ్‌డీ అని కూర్చుంటే ఎప్పటికి స్థిరపడుతుంది? రెండు సీట్లనూ పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, ముందు తోట అమ్మే ఆలోచన మానుకోండి. మిగతా మాటలన్నీ ఆ తరువాత.

మీరు అడిగింది రెండు సీట్ల గురించి. మిమ్మల్ని నిద్ర పోనివ్వకుండా చేస్తున్నది మాత్రం వేరే భయం. ప్రభుత్వం ఇంత డబ్బు పెడుతున్న చోట మన పిల్ల లేకపోతే వెనకబడిపోతుందేమో అన్న భయం అది. కౌన్సెలింగ్ రోజులు దగ్గర పడ్డాయంటే ఈ ప్రశ్న నా దగ్గరకు ఏటా వస్తుంది. ఒకప్పుడు బయోటెక్నాలజీ పేరుతో వచ్చింది, తరువాత డేటా సైన్స్ పేరుతో, ఇప్పుడు క్వాంటం పేరుతో. పేరు మారింది, అడిగే గొంతులోని ఆదుర్దా మారలేదు. అందుకే ముందు ఆ కోట్ల సంగతి చూద్దాం.

జాతీయ క్వాంటం మిషన్‌కు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలు ఆమోదించింది. అది ఒక్క ఏడాది డబ్బు కాదు, 2030-31 దాకా ఎనిమిదేళ్లకు కలిపి. సగటున ఏడాదికి 750 కోట్లు. అందులో సింహభాగం బెంగళూరు ఐఐఎస్‌సీ, మద్రాసు, బొంబాయి, ఢిల్లీ ఐఐటీల్లోని ప్రధాన కేంద్రాలకు, వాటితో కలిసి పనిచేసే ప్రయోగశాలలకు వెళ్లాలి. అతిశీతల పరికరాలూ లేజర్లూ కొన్నాక జీతాలకు ఎంత మిగులుతుందో మీరే ఊహించండి. ఏఐ మిషన్‌ది 2024 మార్చిలో ఆమోదం పొందిన 10,371.92 కోట్లు, ఐదేళ్లకు. దానిలో అన్నిటికన్నా పెద్ద వాటా జీపీయూలతో (ఏఐ లెక్కలు చేసే శక్తిమంతమైన చిప్‌లతో) కూడిన కంప్యూటింగ్ సదుపాయానిది.

2025 జూలైలో ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి పథకం గురించి కూడా మీరు వినే ఉంటారు. అది ప్రధానంగా ప్రైవేటు కంపెనీలు పరిశోధన చేయడానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో ఇచ్చే దీర్ఘకాలిక అప్పు. విద్యార్థులకు ఇచ్చే ఉపకారవేతనం కాదు. అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం ఇస్తానన్నది 14,000 కోట్లు. మిగతాది పరిశ్రమలు, దాతలు, ఇతర వనరుల నుంచి రావాలన్నది అంచనా.

ఇంకో సంగతి. మంత్రివర్గం ఆమోదించే మొత్తం ఒకటి, ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో ఆ ఏడాదికి కేటాయించేది ఇంకొకటి, మరుసటి బడ్జెట్‌లో సవరించిన అంచనాగా కనిపించేది వేరొకటి. పేపర్లో పతాక శీర్షికకు ఎక్కేది ఎప్పుడూ మొదటి అంకే. ఈసారి బడ్జెట్ వచ్చినప్పుడు కాస్త ఓపిక చేసుకొని సవరించిన అంచనాల వరుస కూడా చూడండి.

ఇదంతా ఈ పథకాలు వృథా అని చెప్పడానికి కాదు. మన దేశం పరిశోధనకు పెడుతున్నది 2020-21 లెక్క ప్రకారం జీడీపీలో 0.64 శాతం. అది ఏమాత్రం చాలదు, ఇంకా పెట్టాలి. నేను చెప్పేది ఒక్కటే: ఆ కోట్ల అంకె ప్రయోగశాలల లెక్క, ఉద్యోగాల లెక్క కాదు. దాన్ని పట్టుకొని పద్దెనిమిదేళ్ల పిల్ల బ్రాంచిని నిర్ణయించకూడదు.

పరిశోధనలో ప్రభుత్వం పెట్టిన డబ్బు ఏమవుతుందో చూడాలనుంటే మీకు దూరం పోనక్కరలేదు. తిరుపతి, చిత్తూరు మధ్య గాదంకి ఉంది కదా, అక్కడ పై వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ గురించి తెలుసుకోండి. 1980లలో అనేక కేంద్ర శాఖలు తలా కొంత వేసుకొని తలపెట్టిన పని అది. అంతరిక్ష శాఖ ముందుండి నడిపింది, ఎలక్ట్రానిక్స్ శాఖ కింది సమీర్ సంస్థ నిర్మించింది. 32 వరుసల్లో, వరుసకు 32 చొప్పున, మొత్తం 1,024 యాగీ యాంటెన్నాలు. మన ఇళ్ల మీద ఒకప్పుడు ఉండిన టీవీ ఏరియల్ జాతివే. 53 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పైకి పంపుతాయి. పైన గాలి కదలికలకు తగిలి వెనక్కి వచ్చేసరికి ఆ తరంగం ఎంత నీరసించి ఉంటుందంటే, రొదలో ఎక్కడుందో కూడా తెలియదు. ఆ రొదలోంచి దాన్ని ఏరి, దాని పౌనఃపున్యం ఎంత మారిందో చూసి, ఎన్నో కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో లెక్క కడతారు. ఆ ఏరే విద్య పేరు సిగ్నల్ ప్రాసెసింగ్. మీ అమ్మాయి ఈసీఈలో చేరితే దాని మొదటి పాఠాలు రెండో ఏడాదిలోనే చదువుతుంది.

ఆ రాడార్‌ను తరువాత ఆధునికీకరించి, ఒక్కో యాంటెన్నాకు తరంగాన్ని పంపి, అందుకునే ఒక ఘనస్థితి (సాలిడ్ స్టేట్) మాడ్యూల్ అమర్చారు. అంటే ఎప్పుడో పెట్టిన పెట్టుబడి మీద కొత్త తరం ఇంజనీర్లు ఈనాటికీ పనిచేస్తున్నారు. ఇలాంటి డబ్బు ఫలితం ఇలా నిదానంగా, దశాబ్దాల మీద వస్తుంది. ఏర్పేడు దగ్గరి తిరుపతి ఐఐటీలో నవావిష్కార్ ఐ-హబ్ ఉంది. 2018 డిసెంబరులో 3,660 కోట్లతో ఆమోదించిన సైబర్-ఫిజికల్ (కంప్యూటర్లతో యంత్రాలను నడిపే సాంకేతికతల) మిషన్ కింద వచ్చిన 25 కేంద్రాల్లో అదొకటి, దాని విషయం స్థాన నిర్ధారణ, సూక్ష్మ కచ్చితత్వ సాంకేతికతలు. శ్రీహరికోట, శ్రీసిటీ సంగతి మీకు నేను చెప్పాలా? మన జిల్లాల్లోనే ఇన్ని ఉండగా చెన్నై కరపత్రంలో భవిష్యత్తును వెతకడం నాకు బాధ కలిగిస్తోంది.

ఇక ఆ క్వాంటం సీటు. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి, దాచను. క్వాంటం కంప్యూటింగ్ అంటే అణుస్థాయి భౌతిక నియమాలతో లెక్కలు చేయడం. దాని అసలు సరుకు సరళ బీజగణితం, సంభావ్యత, క్వాంటం భౌతికశాస్త్రం. యంత్రం తయారీ వైపు వెళ్లేవాళ్లకు మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్, అతిశీతల సాంకేతికత. ఇవి నేర్పే అధ్యాపకులు దేశంలోనే కొద్దిమంది. అలాంటప్పుడు ఆ సీట్లకు పాఠం చెప్పేదెవరు? వాళ్ల కరపత్రంలో ఫొటోలు చూడకండి. నాలుగేళ్ల పాఠ్యప్రణాళిక తెప్పించుకోండి. మామూలు సీఎస్‌ఈకి మూడు నాలుగు క్వాంటం పేపర్లు అతికించి ఉంటే, మీరు అదనంగా కట్టేది క్వాంటం అన్న ఆ మాటకే. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ, క్వాంటం మిషన్ కలిసి 2024 చివర్లో తెచ్చింది కూడా పూర్తి డిగ్రీని కాదు, ఏ బ్రాంచి విద్యార్థి అయినా పక్కన చదువుకోగల మైనర్‌ను (అదనపు చిన్న కోర్సును), కనీసం 18 క్రెడిట్లతో. మిషన్ నడిపేవాళ్లే ముందు మూల శాఖ, దానికి తోడు క్వాంటం అంటుంటే, మనం తలకిందులుగా ఎందుకు వెళ్లాలి?

అమరావతిలో 156 క్యూబిట్ల (క్వాంటం కంప్యూటర్‌లో సమాచారపు ప్రాథమిక ప్రమాణం క్యూబిట్) ఐబీఎం యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు. రావాలనే కోరుకుంటున్నాను. కానీ అలాంటి యంత్రాన్ని చాలామంది దూరం నుంచే వాడుకుంటారు. దాని పక్కన నిలబడి పనిచేసేవాళ్లు బహు కొద్దిమంది, వాళ్లలో ఎక్కువ మంది బీటెక్‌తో ఆగినవాళ్లు కారు.

ఇప్పుడు మీకు నచ్చని మాట. ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో మీరు ఒక్క ముక్క రాయలేదు. లెక్కలా, ఫిజిక్సా, చేత్తో సర్క్యూట్లు కట్టడమా? పరిశోధన అంటోందని రాశారు, ఆ వెంటనే ఆడపిల్ల అని రాశారు. అదే మాట కొడుకు అంటే ఎప్పటికి స్థిరపడతాడన్న ప్రశ్న వచ్చేదా? పదహారు లక్షల ఫీజుకు తోట అమ్మడానికి సిద్ధపడ్డ మీరు, ఆ పిల్ల ఇష్టంగా అడిగిన దారిని మాత్రం ఒక్క ప్రశ్నతో మూసేయబోతున్నారు. ఇది ప్రేమతోనే చేస్తున్నారని నాకు తెలుసు. అయినా సరికాదు. తోట అమ్మి చదివించిన పిల్ల, ఆ చదువు నచ్చకపోయినా నోరు విప్పదు. ఆ బరువు ఆమె తల మీద పెట్టకండి.

పీహెచ్‌డీ అంటే ఇంట్లో కూర్చోవడం కాదు. 2023 జనవరి నుంచి కేంద్ర విజ్ఞాన శాఖల జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000, తరువాతి దశలో 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. ఎలక్ట్రానిక్స్, ఐటీలో పీహెచ్‌డీలు పెరగాలనే 2014లో విశ్వేశ్వరయ్య పథకం పెట్టారు. ఇబ్బందులూ ఉన్నాయి. ఫెలోషిప్ డబ్బు ఆలస్యమవుతుంది, ప్రాజెక్టు పోస్టులు ప్రాజెక్టుతోనే ముగుస్తాయి. ఇవి తెలిసే అడుగు వేయాలి. కానీ ఆ నిర్ణయానికి ఇంకా నాలుగేళ్లు ఉంది. బీటెక్ చివర్లో పై చదువుల ప్రవేశ పరీక్ష గేట్ రాసి చూసుకోవచ్చు, అప్పటికి మనసు మారితే ఈసీఈ పట్టాతోనే సాఫ్ట్‌వేర్‌కూ వెళ్లవచ్చు, చిప్ డిజైన్‌కూ వెళ్లవచ్చు. ఏ తలుపూ మూసుకుపోదు. కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకోండి.

పోల్చమన్నారు కాబట్టి: అమ్మాయికి ఫిజిక్స్, లెక్కలు ఇష్టమైతే తిరుపతిలో ఈసీఈ. ప్రోగ్రామింగ్ తప్ప మరేదీ వద్దంటే ఇక్కడే మామూలు సీఎస్‌ఈకి ఆప్షన్లు పెట్టండి. ఆ ప్రైవేటు సీటు తీసుకోమని రెండు సందర్భాల్లోనూ నేను చెప్పను. ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, వాపసు గడువు ఎప్పటిదాకానో ఇవాళే కనుక్కోండి. చేరాక మొదటి ఏడాది లెక్కల పేపర్లను తేలిగ్గా తీసుకోవద్దని అమ్మాయికి చెప్పండి. రెండో ఏడాది నుంచి గాదంకి ప్రయోగశాల, ఐఐటీ హబ్ ప్రకటనలు చూస్తుండాలి, ఇంటర్న్‌షిప్‌కు తానే దరఖాస్తు రాసుకోవాలి. ఈసారి ఏదైనా సందేహం వస్తే ఉత్తరం మీరు కాక అమ్మాయే రాయాలి.