పోలికల గురించి అడిగావు కదా

నాయనా,

కథ అందింది. ఇది నాదేనా, ఎక్కడో చదివిందా అన్న నీ అనుమానం మంచిదే. కాకపోతే దాన్ని వస్తువులో వెతుకుతున్నావు. తండ్రి చావు, నమ్మకం సడలడం లాంటివాటి మీద ఎవరూ రాయనిదంటూ మిగల్లేదు.

9వ శతాబ్దంలోనే కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ఈ చిక్కు విప్పాడు. కావ్యశాస్త్ర గ్రంథం ధ్వన్యాలోకం నాలుగో ఉద్ద్యోతంలో, అంటే నాలుగో అధ్యాయంలో, రచనల మధ్య పోలికలు మూడు రకాలన్నాడు: అద్దంలో ప్రతిబింబంలా, చిత్తరువులో రూపంలా, ఒకే పోలికున్న ఇద్దరు మనుషుల్లా. మొదటి రెండూ వదిలెయ్యమన్నాడు, మూడోది వదలక్కర్లేదన్నాడు. దీన్నే నీ చిత్తుప్రతి మీద వాడు. అనుమానమున్న పేరాను, ఎక్కడో చదివాననుకుంటున్న ఆ పాత కథలో పెట్టి చూడు. పేర్లు మార్చగానే ఇమిడిపోతే ప్రతిబింబం, కొట్టెయ్యి. సంఘటన వేరైనా వాక్యాల ఊపు, చివరి మలుపు అవే అయితే చిత్తరువు, మళ్ళీ రాయి. నీ పాత్ర అలాగే ప్రవర్తించడానికి కారణం నీ కథలోనే ఉంటే, పోలిక ఎంతున్నా భయపడకు.

తెలియకుండా జరిగే చౌర్యం ఎక్కువగా నోటుపుస్తకంలో మొదలవుతుంది. నచ్చిన వాక్యాన్ని కొటేషన్ గుర్తులు లేకుండా రాసుకుంటారు, కొన్నాళ్ళకి తమదే అనుకుంటారు. అందుకే ఎడమ పేజీ ఇతరుల మాటలకి, పేరూ పుట సంఖ్యతో సహా. కుడి పేజీ నీది. చిత్తు రాసే రోజుల్లో నీకు ప్రాణమైన రచయితను మాత్రం చదవకు. అరువు మాట కంటికి కనిపిస్తుంది, అరువు లయ రాసినవాడికే వినిపించదు. ఏ వ్యాకరణమో చదువుకో, ఎటూ నీకు అవసరమే.

విశ్వాసం దగ్గర కథ నీరసించింది. నీ కథలోని ఆవిడకి నమ్మకం పోయిందని నువ్వే చెప్పేశావు. నమ్మకం పోగానే అలవాటు పోదు. ప్రార్థన వేళకి కూర్చుంటూనే ఉంటుంది, ఏదీ కోరుకోవడం మానేస్తుంది. అది చూపించు, చాలు. ఇంకొకటి: నీ అభిప్రాయానికి ఎదురు నిలిచే పాత్రకే కథలోకెల్లా బలమైన వాదన ఇవ్వు. లేకపోతే అది ఉపన్యాసమై కూర్చుంటుంది.

బతికున్నవాళ్ళని కథలోకి తెచ్చినప్పుడు పేరొక్కటే మారిస్తే చాలదు. వయసు, వృత్తి మార్చినా కథ నిలబడితే అవీ మార్చెయ్యి.

ఇప్పుడు రెండు వారాలు దీన్ని ముట్టుకోకు. తర్వాత పైకి చదువు. నాలుక తడబడిన చోట పెన్సిల్‌తో ఒక గీత, మరీ సాఫీగా జారిపోయిన చోట రెండు గీతలు పెట్టు. ఒక గీత చోట వాక్యం విరిచి రాస్తే సరిపోతుంది. రెండు గీతలవే అసలు బెడద: "గుండె బరువెక్కింది", "కళ్ళు చెమర్చాయి" లాంటివి. వాటికి పర్యాయపదాలు వెతక్కు. ఆ క్షణంలో ఆ మనిషి చేతులు ఏం చేస్తున్నాయో రాయి. ఏమీ తోచకపోతే ఆ వాక్యమే అక్కర్లేదన్నమాట.

కొత్త ప్రతితో పాటు గీతలు పెట్టిన పాతదీ పంపు. ఏం ఉంచావో కాదు, ఏం కొట్టేశావో చూడాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు