ఉపన్యాసం సరే, బిల్లు చదవడం వచ్చా?

ప్రశ్న: మాకు ఒడిశాలోని మల్కన్‌గిరిలో కిరాణా కొట్టు ఉంది. ప్లస్ టూ ఆర్ట్స్ చదువుతున్న మా అమ్మాయి బడిలో జరిగిన యువ పార్లమెంటులో హోంమంత్రిగా, విదేశీయులను వెనక్కి పంపే బిల్లుపై మాట్లాడి మొదటి బహుమతి తెచ్చుకుంది. ఇక చట్టసభల్లోనే పని చేస్తానంటోంది. ఆ రోజు నుంచి ఎం.వి. (మల్కన్‌గిరి విలేజ్) అని అంకెతో పిలిచే శరణార్థుల గ్రామానికి చెందిన తన బెంగాలీ స్నేహితురాలు మాత్రం తనతో మాట్లాడటం లేదు. ఈ దారి మాలాంటివాళ్లకు తగునా?

జవాబు: అయ్యా, బహుమతి కంటే ఆ స్నేహితురాలి గురించి మీరు రాసిన ఒక్క మాటే నన్ను ఆపింది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలను 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద మీ ప్రాంతంలో స్థిరపరిచి, వాళ్ల ఊళ్లకు అంకెలు వేసింది భారత ప్రభుత్వమే కనుక, వేదిక మీద 'చొరబాటుదారులు' అన్న మాట వచ్చి ఉంటే అది ఆ పిల్లకు తన ఇంటి గడపలోనే వినిపించి ఉంటుంది.

మీ అమ్మాయి మాట్లాడిన విషయంపై అసలు చట్టమే ఉంది. లోక్‌సభ 2025 మార్చి 27న ఆమోదించిన ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ బిల్లు 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు చట్టాల స్థానంలో చట్టమై సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చింది. తాను విదేశీయుడిని కానని రుజువు చేసుకునే భారం 1946 చట్టంలో లాగే ఇందులోనూ అనుమానానికి గురైన మనిషి మీదే ఉంది. పాత కాగితాలు చెదలు తినేసిన ముసలాయన గతేమిటని అడిగే సభ్యుడికైనా, దేశ భద్రతను ముందుంచే సభ్యుడికైనా వెనుక కూర్చుని ఆ సెక్షన్‌ను విప్పి చెప్పే మనిషి కావాలి. మీ అమ్మాయికి నేను చూపేది ఆ పని. పౌరసత్వం, దేశం నుంచి పంపివేయడం రాజ్యాంగం పార్లమెంటుకు అప్పగించిన కేంద్ర జాబితాలోని 17, 19 అంశాలు కాబట్టి, భువనేశ్వర్ శాసనసభ తీర్మానం చేయగలదే తప్ప చట్టం చేయలేదు. అంటే పని ఢిల్లీలో ఉంటుంది, ఇంటికి దూరం తప్పదు.

చదువు విషయానికొస్తే, న్యాయ విద్య ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి కటక్‌లోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో గానీ, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలో గానీ చేరవచ్చు. ఆ పరీక్షలో పేరాలన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి, మన జిల్లాల పిల్లలు జారిపోయేది అక్కడే. సీటు రాకపోతే బీఏ చేసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివినా నష్టం లేదు. డిగ్రీ అయ్యాక, 25 ఏళ్లు దాటకముందే, చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే లాంప్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయాలి: ఎంపిక అయితే దాదాపు ఏడాదిపాటు ఒక ఎంపీ వద్ద ప్రశ్నలు, ప్రసంగాల పరిశోధన చేస్తారు. అది స్టయిపెండ్ మాత్రమే, ఉద్యోగం కాదు. ఆ తర్వాత వకాలతు, విధాన పరిశోధన, లేదా పోటీ పరీక్ష ద్వారా పార్లమెంటు సచివాలయ కొలువులు ఉంటాయి. కొట్టులో తెలుగు, ఒడియా, బెంగాలీ వింటూ పెరిగిన పిల్లకు ఆ భాషలే పెట్టుబడి (బెంగాలీ చదవడం కూడా నేర్పించండి).

ఈ సెలవుల్లో ఆ మార్చి 27 నాటి చర్చను లోక్‌సభ వెబ్‌సైటు నుంచి తీసి, ముందుగా తనకు నచ్చని వైపు ప్రసంగం చదివి, దాన్నే తన మాటల్లో ఒక పేజీ రాయమనండి. ఆ పేజీ పట్టుకుని స్నేహితురాలింటికి వెళ్లమనండి, వాళ్ల తాతగారికి ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉంటే చూపించమని అడగమనండి.