అంగన్‌వాడీలో ఆటలేనా, చదువు కూడానా?

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్ళు. ఊళ్ళోని అంగన్‌వాడీకి వెళ్తోంది. అక్కడ ఆటపాటలే తప్ప అక్షరాలు దిద్దించడం లేదని, ఆదోనిలో ప్రైవేటు బడిలో ఎల్‌కేజీలో చేర్చాలని మా కోడలు పట్టుబడుతోంది. అంగన్‌వాడీలో చెప్పేది స్థానిక సంస్కృతికి తగిన చదువని అంటారు. అలాంటి చదువంటే పేద పిల్లలకు తక్కువ చదువు చెప్పడమేనా?
– ఒక పాఠకురాలు, ఆదోని మండలం, కర్నూలు జిల్లా

జవాబు: మీ కోడలి అనుమానం కొట్టిపారేయదగింది కాదు. పిల్లలకు అన్నం, గుడ్డు పెట్టి ఇంటికి పంపడంతోనే పని అయిపోయిందనుకునే కేంద్రాలు లేకపోలేదు. అయితే పలక నిండా దిద్దిన అక్షరాలను బట్టి నాలుగేళ్ళ పిల్ల చదువును అంచనా వేయడం సరికాదు. ఆ వయసులో చేతివేళ్ళకు పట్టు ఇంకా కుదురుతూ ఉంటుంది. వేరుశనగ బుడ్డలు ఒలిచే పిల్ల బొటనవేలినీ చూపుడువేలినీ కలిపి నొక్కుతుంది. రేపు పెన్సిల్ పట్టుకోవడానికి కావలసిన పట్టు అలాగే వస్తుంది. రెండు గింజల కాయలను ఒకవైపు, మూడు గింజల కాయలను మరోవైపు పెట్టించి, ఏ కుప్ప పెద్దది, ఎలా చెప్పగలవు అని టీచరు అడిగితే అందులోనే లెక్క ఉంది, భాష ఉంది. అడగకపోతే అది ఉత్త బుడ్డలు ఒలవడమే. (గింజ గొంతుకు అడ్డుపడే వయసు కాబట్టి పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి.)

చుట్టూ దొరికే వస్తువులతో, ఆటపాటలతో నేర్పాలన్న ఈ ఆలోచన పేదవాళ్ళకని చవకగా కనిపెట్టింది కాదు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం అనే చిన్నపిల్లల బడి ప్రారంభించి, పిల్లలు వస్తువులను చేత్తో వాడుతూ తమంతట తాము నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిని అక్కడి కథలతో, ఆటలతో కలిపారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీకి వెళ్ళి, పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ ముంగిట్లోకి తీసుకువెళ్ళారు; ఖరీదైన బోధనోపకరణాలకు బదులు గింజలు, ఆకులు, మట్టి వాడారు. మన అంగన్‌వాడీకి మూలం అక్కడే ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం దానిని దేశమంతటా విస్తరించింది.

స్థానికత ఒక్కటే సరిపోదని చెప్పే అనుభవమూ ఉంది. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న పాపువా న్యూ గినియా దేశంలో 1990ల విద్యా సంస్కరణల తరువాత నాలుగు వందలకు పైగా భాషల్లో తొలి తరగతులు నడిచాయి. అన్ని భాషలకు పుస్తకాలనూ శిక్షణ పొందిన ఉపాధ్యాయులనూ సమకూర్చడం కష్టమైంది. పిల్లలకు ఇంగ్లీషు రావడం లేదన్న అసంతృప్తి పెరిగి, 2013లో ప్రభుత్వం ఇంగ్లీషు వైపు మళ్ళింది.

అందువల్ల బడి మార్చే ముందు మీరూ మీ కోడలూ ఒక పూట అంగన్‌వాడీలో, ఒక పూట ఆ ప్రైవేటు బడిలో కూర్చుని, పిల్లలు ఎంతసేపు మాట్లాడుతున్నారో, ఎంతసేపు చేతులు కట్టుకుని కూర్చుంటున్నారో చూడండి. పాప మన యాసలో చెప్పిన మాటను టీచరు వింటోందా, వెక్కిరిస్తోందా అన్నది బోర్డు మీది ఇంగ్లీషు కంటే ముఖ్యం. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా భావించి, ఆరేళ్ళు నిండాకే ఒకటో తరగతి అంటోంది. తొందరపడవలసిన పని లేదు.

ప్రశ్న: మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. బాబు అంగన్‌వాడీలో నోరు విప్పడం లేదు. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడమంటారా?
– ఒక తల్లి, కడప

జవాబు: వద్దమ్మా. మీకు బాగా వచ్చిన భాషలోనే కథలు చెప్పండి, కబుర్లాడండి. ఆ భాష గట్టిపడితే తెలుగు నేర్చుకోవడం సులువవుతుంది. కొత్త భాష మధ్య పడిన పిల్లలు కొన్నాళ్ళు వింటూ ఊరుకోవడం మామూలే. దాహం, ఆకలి, నొప్పి, ఒంటికి వెళ్ళడం వంటి మాటలను ఉర్దూలో టీచరుకు నేర్పండి. ఇంట్లో కూడా మాట్లాడకపోయినా, పిలిస్తే పలకకపోయినా మాత్రం ఆలస్యం చేయకుండా వినికిడి పరీక్ష చేయించండి.